కుటుంబ ట్రస్టులు: ఉద్యోగి కుటుంబానికి అసలు కవచమేది?

పదవీ విరమణకు ఒకటి రెండు సంవత్సరాలు మిగిలియున్న రైల్వే, తపాలా ఉద్యోగుల మధ్య కుటుంబ ట్రస్టు అనే మాట ఇటీవల తరచుగా వినవస్తున్నది. ఇల్లు, స్థలం, బ్యాంకు డిపాజిట్లు, రాబోయే గ్రాట్యుటీ అన్నింటిని ఒక ట్రస్టు కింద పెట్టినట్లయితే ఇక ఏ అప్పులవాడూ, ఏ కోర్టు అమీనూ గడప తొక్కలేడని చెప్పి, దస్తావేజు రాయించి ఇచ్చుటకు ఫీజు పుచ్చుకొనే సలహాదారులు పట్టణాలలో బయలుదేరినారు. గ్యాంగులోనో, క్యాబిన్‌లోనో, సార్టింగ్ బల్ల వద్దనో ముప్పయి అయిదేళ్లు చెమటోడ్చి కూడబెట్టిన సొత్తుకు సంబంధించిన మాట ఇది. కనుక దీనిపై మా అభిప్రాయాన్ని దాపరికం లేకుండా చెప్పుట కర్తవ్యమని భావిస్తున్నాము.

ట్రస్టు చెడ్డదని మేము అనుట లేదు. కాని ట్రస్టులలో పలు రకాలు కలవు. ఒక రకం చేసే మేలు మరొక రకం చేయదు. వేతనజీవికి అత్యంత బలమైన రక్షణలు చట్టం ద్వారా ఇదివరకే లభించియున్నవి. వాటి సంగతి తెలియనందువల్ల మన సోదరులు ధనికుల కోసం కుట్టిన కోటును అద్దెకు తెచ్చుకొంటున్నారని మా వాదన. ప్రైవేటు ట్రస్టు మనవారికి నిజంగా అక్కరకు వచ్చే సందర్భాలు మాకు రెండే కనిపించుచున్నవి.

ఈ వ్యవహారానికి మూలం 1882 నాటి భారత ట్రస్టుల చట్టం. సొత్తు గలవాడు దానిని ఒక ధర్మకర్తకు అప్పగిస్తాడు. ధర్మకర్త మరొకరి మేలు కొరకు దానిని నిర్వహిస్తాడు. స్థాపకుడు, ధర్మకర్త, లబ్ధిదారు అని ముగ్గురు. స్థిరాస్తి అయినచో రిజిస్టరు దస్తావేజు ద్వారానో, వీలునామా ద్వారానో తప్ప ట్రస్టు ఏర్పడదు. దస్తావేజులో వేరుగా రాయనిదే ధర్మకర్తకు ప్రతిఫలం లేదు. తన బాధ్యతను ఇష్టం వచ్చినట్లు మరొకరికి అప్పగించే హక్కు లేదు. లెక్కలు చూపక తప్పదు. ఊరి దేవాలయ ధర్మకర్తలను చూసిన మన జనానికి ఈ భావన కొత్తది కాదు, వారి లెక్కల సంగతీ కొత్తది కాదు.

ఆస్తిపరులు ఈ సాధనాన్ని ఎట్లు వాడుకొన్నారో తెలియుటకు హైదరాబాదు చరిత్ర చాలును. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1950 మే 10న 9 కోట్ల రూపాయల ముఖవిలువ గల ప్రభుత్వ సెక్యూరిటీలతో కుటుంబ ట్రస్టును నెలకొల్పినాడు. ఆభరణాలకు వేరుగా ట్రస్టులు ఏర్పరచినాడు. ఆయన 1967లో మరణించినప్పటికీ ఆ నగలు వారసుల మధ్య చెల్లాచెదురు కాలేదు; 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు వాటిని కొన్నది. కుటుంబ ట్రస్టుపై సంపద పన్ను ఏ రీతిన వేయవలెనన్న వివాదం 1977లో సుప్రీంకోర్టులో తేలినది. వందల వాటాలను, తరాల వారసులను, కోట్ల విలువను దృష్టిలో పెట్టుకొని నిర్మించిన ఏర్పాటు అది. రెండు గదుల ఇల్లు, ఒక డిపాజిట్టు గల పోస్ట్‌మన్‌కు అదే ఏర్పాటును నకలు తీసి అమ్ముట ఎట్టి సలహా?

ఇక రకాల సంగతి. మొదటి భేదం రద్దు చేయదగినది, రద్దు చేయరానిది అన్నది. రద్దు చేసే అధికారాన్ని దస్తావేజులో స్పష్టంగా ఉంచుకొన్నచో అది మొదటి రకం. సలహాదారులు ఎక్కువగా చూపేది దీనినే, ఎందుకనగా ఖాతాదారునికి భయం కలుగదు. కావలసినప్పుడు వెనుకకు తీసుకోవచ్చును. కాని వెనుకకు తీసుకోగలిగినది ఇచ్చినట్లు కాదు. పన్ను శాఖ ఆ ఆదాయాన్ని స్థాపకుని ఆదాయంగానే లెక్కిస్తుంది. 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చినా ఈ సూత్రం మారలేదు. సొత్తుపై పట్టు తన చేతిలోనే ఉంచుకొన్నవాడు, అప్పులవాని ఎదుట అది తనది కాదని వాదించి నిలబడుట కష్టం. నిర్వహణ సౌకర్యమే తప్ప ఇందులో రక్షణ అంతగా లేదు.

రద్దు చేయరాని ట్రస్టులో రక్షణ ఉన్నది. దానికి చెల్లించవలసిన మూల్యమూ ఉన్నది. ఇచ్చినది ఇచ్చినట్లే. లబ్ధిదారులందరూ మేజర్లై, అందరూ సమ్మతిస్తే తప్ప తిరిగి రాదు. మనుమడు మైనరుగా లబ్ధిదారుల జాబితాలో ఉంటే ఆ సమ్మతి కూడా దొరకదు. తానే ఒక లబ్ధిదారుగా వాటా ఉంచుకొన్నచో ఆ వాటా మేరకు అప్పులవాని చేయి అందనే అందుతుంది. భార్యకో, మైనరు బిడ్డకో లాభం కలిగేటట్లు ఆస్తి మార్చినట్లయితే ఆ ఆదాయాన్ని మరల మార్చినవాని ఆదాయంలోనే కలుపుతారు. గుండె ఆపరేషనుకు డబ్బు కావలసివచ్చిన నాడు తన కష్టార్జితానికై తన ధర్మకర్త ఎదుట చేయి చాపవలసి వచ్చే వృద్ధుని స్థితిని సలహాదారులు వర్ణించరు.

రెండవ భేదం వాటాలకు సంబంధించినది. ఎవరికెంత అన్నది దస్తావేజులోనే తేల్చి రాస్తే నిర్దిష్ట ట్రస్టు. అందులో కొడుకు వాటా కొడుకు ఆస్తియే. అతని అప్పులవాడు దానిపైకి రాగలడు. ఎవరికెంత ఇవ్వవలెనో ధర్మకర్త విచక్షణకు విడిచిపెడితే విచక్షణాధికార ట్రస్టు. ఇందులో ధర్మకర్త ఇచ్చేవరకు లబ్ధిదారుకు ఆశ తప్ప హక్కు లేదు. గోండల్ సంస్థానాధీశుని ఎస్టేటుకు సంబంధించిన సంపద పన్ను కేసులో సుప్రీంకోర్టు 2014లో ఈ భేదాన్ని స్పష్టం చేసినది. లేని హక్కును ఎవరూ జప్తు చేయలేరు గనుక వ్యసనపరుడైన కొడుకు ఉన్న ఇంటికి ఇది పనికివస్తుందని చెప్పవచ్చును. కాని సాధారణంగా దాని ఆదాయంపై పన్ను అత్యధిక రేటున పడుతుంది. స్వల్ప వడ్డీ ఆదాయానికి కోటీశ్వరుని రేటున పన్ను కట్టుట ఏమి పొదుపు? వీలునామా ద్వారా ఏర్పరచిన ఏకైక ట్రస్టు వంటి కొన్నింటికి మాత్రం మినహాయింపు కలదు. ఈ మాట మరల ప్రస్తావనకు వస్తుంది.

రకం ఏదైనా, కాలం ముఖ్యం. అప్పు నెత్తిమీదికి వచ్చిన తరువాత పెట్టిన ట్రస్టు కవచం కాదు, సాక్ష్యం. ఋణదాతలను ఎగగొట్టుటకు, జాప్యం చేయుటకు జరిపిన బదిలీని వారి కోరికపై కోర్టు పక్కన పెట్టవచ్చునని 1882 ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షను చెప్పుచున్నది. మన జిల్లాలలో ఐ.పి. పెట్టుట అని వాడుకలో ఉన్న దివాలా దరఖాస్తుకు నేటికీ 1920 ప్రాంతీయ దివాలా చట్టమే ఆధారం. దాని ప్రకారం దరఖాస్తుకు ముందు రెండు సంవత్సరాల లోపల ఉచితంగా చేసిన బదిలీలను రిసీవరు రద్దు చేయించగలడు. చిట్టీ పాటలో మిత్రునికి పూచీ సంతకం పెట్టి, అతడు కట్టుట మానివేసిన తరువాత ఇల్లు ట్రస్టుకు రాయించినవారు మన శ్రేణులలో లేకపోలేదు. ఒప్పందంలో వేరుగా రాసుకొననిచో పూచీదారు బాధ్యత అసలు ఋణగ్రస్తుని బాధ్యతతో సమానం. అతనిని వదలి నేరుగా పూచీదారు జీతంపైకి రావచ్చును. ట్రస్టుల గురించి వచ్చి అడిగేవారిలో చాలామందికి నిజంగా కావలసినది ట్రస్టు కాదు, ఆ సంతకానికి ముందు ఒక రాత్రి ఆలోచన.

మనకు ఇదివరకే ఉన్న రక్షణలను చూద్దాము. 1925 ప్రావిడెంట్ ఫండ్ల చట్టం 3వ సెక్షను ప్రభుత్వ, రైల్వే ప్రావిడెంట్ ఫండ్లలోని నిర్బంధ జమను బదిలీ చేయరాదని, తాకట్టు పెట్టరాదని, ఏ కోర్టు డిక్రీ కిందనూ జప్తు చేయరాదని శాసించినది. దివాలా తీసినప్పటికీ రిసీవరుకు ఆ సొమ్ముపై హక్కు లేదు. అంతకంటె విశేషమైనది మరొకటి కలదు. ఉద్యోగి మరణించినచో నిబంధనల ప్రకారం ఆశ్రితులకు చెందే ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము మృతుని అప్పులకు గాని, ఆ ఆశ్రితులు అంతకు ముందు చేసిన అప్పులకు గాని లోబడదు. ఏ న్యాయవాది ఎంత ఫీజు తీసుకొని రాసినా ఇంత గట్టి దస్తావేజు రాయలేడు. ట్రాక్‌మన్ మొదలు స్టేషను మాస్టరు వరకు అందరికీ అది ఉచితం.

సివిల్ ప్రొసీజరు కోడ్ 60వ సెక్షను పెన్షనును, గ్రాట్యుటీని, స్వంత జీవిత బీమా సొమ్మును, పబ్లిక్ ప్రావిడెంట్ ఫండును జప్తు నుండి మినహాయించినది. ఒక చిట్‌ఫండ్ సంస్థ పొందిన డిక్రీ విషయమై సుప్రీంకోర్టు 1976లో, ప్రావిడెంట్ ఫండ్, పెన్షన్ మొత్తాలు ఉద్యోగి చేతికి చేరేవరకు వాటి స్వభావం మారదని తీర్పు చెప్పినది. 2008లో రాధేశ్యామ్ గుప్తా, పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో మరొక అడుగు ముందుకు వేసి, పెన్షను, గ్రాట్యుటీ పుచ్చుకొని డిపాజిట్టు చేసినా అవి ఆ రక్షణను కోల్పోవని చెప్పినది. అయితే ఆ సొమ్మును ఇల్లు అమ్మిన సొమ్ముతోను, చిట్టీ సొమ్ముతోను ఒకే ఖాతాలో కలిపినచో ఏది ఏదో నిరూపించే భారం మన నెత్తినే పడుతుంది. పదవీ విరమణ లబ్ధికి వేరు ఖాతా, వేరు రశీదు ఉంచుకొనుట ఏ ట్రస్టు దస్తావేజు కంటెను చవక.

జీతానికి కూడ హద్దు కలదు. సామాన్య ఋణ డిక్రీకి మొదటి 1,000 రూపాయలు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు తాకరాదు. జప్తు లెక్కకు వచ్చే జీతం 61,000 అయినచో 20,000కు మించి పట్టుటకు వీలు లేదు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు పట్టిన పిదప ఆ డిక్రీకి జీతం ఇక దొరకదు. భరణం డిక్రీకి మాత్రం లెక్క తలకిందులగును. ఉద్యోగికి మిగిలేది మూడింట ఒక వంతే. అది న్యాయమేనని మా అభిప్రాయం.

ఈ హక్కులు ఎవరి దయవలననూ రాలేదు. పెన్షను ఆస్తి అని 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులోను, అది భిక్ష కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులోను సుప్రీంకోర్టు చేత పలికించినవారు పెన్షనర్లే.

నామినేషను విషయంలో మనవారికి గల భ్రమను కూడ తొలగించవలసి ఉన్నది. నామినీ అనగా సొమ్ముకు యజమాని అని తొంభై మంది అనుకొంటారు. జీవిత బీమా నామినీ సొమ్ము పుచ్చుకొనే వ్యక్తియే గాని వారసుల హక్కును హరించేవాడు కాడని 1983 డిసెంబరులో సర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చినది. 2015 సవరణతో, తల్లిదండ్రులు, భార్య లేక భర్త, సంతానం బీమా పాలసీకి నామినీలైనచో వారికే లబ్ధి చెందునని బీమా చట్టం మారినది. ఇతర సొత్తులకు ఆ మార్పు వర్తించదు. వాటాల విషయంలో నామినీ యజమాని కాడని 2023లో మరల తీర్పు వచ్చినది. పెండ్లికి ముందు తల్లి పేరు రాసి, ఆ తరువాత ఇరవై ఏళ్లు ఆ కాగితం మొహం చూడని ఉద్యోగి, తన మరణానంతరం అత్తాకోడళ్లను కోర్టు మెట్ల మీద నిలబెట్టినవాడగుచున్నాడు. 2009లో ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం సుప్రీంకోర్టు వరకు వెళ్లినది సరిగా ఇట్టి తగవుతోనే.

ట్రస్టు అక్కరకు వచ్చే రెండు సందర్భాలలో మొదటిది జీవిత బీమా. 1874 వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 6వ సెక్షను ఒక అపురూపమైన ఏర్పాటు చేసినది. వివాహితుడైన పురుషుడు తన జీవితంపై తీసుకొన్న పాలసీ, భార్య కొరకో, సంతానం కొరకో, ఇరువురి కొరకో అని పాలసీ ముఖంపైననే పేర్కొన్నచో, అది దానంతట అదే ట్రస్టు అగును. దానిపై భర్తకు గాని, భర్త అప్పులవారికి గాని అధికారం లేదు. అది అతని ఆస్తిలో భాగమే కాదు. ప్రత్యేక దస్తావేజు అక్కరలేదు, రిజిస్ట్రేషను అక్కరలేదు. మొదట ఈ సెక్షను హిందువులకు, ముస్లిములకు వర్తించునా అన్న సందేహం ఉండెడిది. 1923 సవరణ ఆ సందేహాన్ని తీర్చుచు, మద్రాసు రాష్ట్రంలో మాత్రం 1913 డిసెంబరు 31 తరువాతి పాలసీలన్నింటికీ వర్తించునని చెప్పినది; తక్కిన ప్రాంతాలకు 1923 ఏప్రిల్ 1 తరువాత. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసులోనివే గనుక ఆ మేరకు మన ప్రాంత కుటుంబాలు పదేళ్లు ముందుగా ఈ రక్షణ పొందినవి. పూర్వపు హైదరాబాదు వంటి ప్రాంతాలకు 1959 విస్తరణ చట్టం ద్వారా ఇది లభించినది.

తపాలా ఉద్యోగుల కొరకు 1884 ఫిబ్రవరి 1న తపాలా జీవిత బీమా మొదలైన నాటికే ఈ చట్టం పుస్తకాలలో ఉన్నది. అయినను పాలసీ తీసుకొనే నాడు ఆ ప్రశ్న అడిగే ఉద్యోగి నూటికి ఒకడు ఉండునా? పాలసీ ఎవరి వద్ద తీసుకొన్నను, దరఖాస్తు నాడే ఈ చట్టం కింద అని రాయించవలెను. పాత పాలసీపై తరువాత ముద్ర వేయించుకొందామంటే కుదరదు. ధర్మకర్తను కూడ అప్పుడే నియమించవలెను. లేనిచో సొమ్ము రాష్ట్ర అధికారిక ధర్మకర్త వద్దకు పోవును. వితంతువుకు మరొక కార్యాలయం చుట్టూ తిరుగుడు తప్పదు. ఇచ్చిన తరువాత పాలసీపై స్వేచ్ఛగా అప్పు తీయుటకు, దానిని సరెండరు చేయుటకు భర్తకు వీలు లేదన్నది కూడ తెలిసియే సంతకం చేయవలెను. అప్పులవారిని మోసగించే ఉద్దేశంతో తీసుకొన్న పాలసీకి ఈ రక్షణ కూడ చెల్లదు.

రెండవ సందర్భం తన వ్యవహారం తాను చూసుకొనలేని బిడ్డ ఉన్న ఇల్లు. సంపాదించుకొనలేని వికలాంగ సంతానానికి నియమాలకు లోబడి జీవితాంతం కుటుంబ పెన్షను కలదు. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం గలవారికి పెద్దవారైన పిదప కూడ స్థానిక కమిటీ సంరక్షకుని నియమించవచ్చును. పెన్షను నెలనెలా వచ్చును. కాని ఇల్లు, డిపాజిట్టు ఆ బిడ్డ పేర రాసిపెట్టినచో దానిని కాపాడేదెవరు? అన్నదమ్ములు మంచివారే కావచ్చును, వారికీ సంసారాలున్నవి. ఇక్కడ వీలునామా ద్వారా ఒక ట్రస్టు ఏర్పరచుట సముచితమని మా నిశ్చితాభిప్రాయం. బతికినన్నాళ్లు సొత్తు తల్లిదండ్రుల చేతిలోనే ఉండును, మార్చుకొనుటకు వీలుండును, ముందు చెప్పిన పన్ను మినహాయింపు కూడ దొరకవచ్చును. వీలునామా రాసిన వాని అప్పులు ముందు తీరవలెనన్నది మాత్రం మరువరాదు. ధర్మకర్తలుగా ఇద్దరిని పెట్టవలెను. వారిలో ఒకరైనా తల్లిదండ్రుల కంటె బాగా చిన్న వయస్సువారు కావలెను. వారి తరువాత ఎవరో కూడ రాయవలెను. సమవయస్కుడైన మిత్రుని ధర్మకర్తగా పెట్టుట మనవారిలో పెద్ద అలవాటు. స్నేహం గొప్పదే గాని అతనికీ ఎనభై ఏళ్లు వచ్చును.

2004 జనవరి 1 తరువాత ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లు ఈ చర్చ తమది కాదనుకొనరాదు. కొత్త పెన్షను పథకంలోని వారి సొమ్ము 2008 ఫిబ్రవరి 27న ఇదే 1882 చట్టం కింద ఏర్పడిన ఎన్.పి.ఎస్. ట్రస్టు ఆధీనంలో ఉన్నది. ఒకరి సొమ్ము మరొకరు కాజేయకుండా ట్రస్టు కాపాడగలదు. మార్కెటు పడిపోయినప్పుడు పెన్షను తగ్గకుండా కాపాడజాలదు. 2025 ఏప్రిల్‌లో ఏకీకృత పెన్షను పథకాన్ని ఐచ్ఛికంగా ప్రవేశపెట్టవలసి వచ్చిన కారణమే ఇది. గ్రామీణ డాక్ సేవకులకైతే శాఖాపరమైన పెన్షనే లేదు; వారికి ట్రస్టుల బోధ చేయుట అపహాస్యం.

చివరగా మా సమాఖ్య చేపట్టవలసిన పని ఒకటి. 1874 చట్టం 6వ సెక్షనులో ఉన్న మాట "వివాహితుడైన పురుషుడు" అని. తపాలా కౌంటరులో, రైల్వే బుకింగులో, లోకో పైలటుగా పనిచేసే స్త్రీ తన జీవితంపై పాలసీ తీసుకొని తన బిడ్డల కొరకు ఇదే విధమైన చట్టబద్ధ ట్రస్టు చేయదలచినచో ఆ సెక్షను ఆమెకు వర్తించదు. ఇంగ్లాండు తన చట్టాన్ని 1882లోనే సరిదిద్ది భార్యాభర్తలిద్దరికీ ఈ సౌకర్యం కలిగించినది. ఇంటి అప్పుపై, కో-ఆపరేటివ్ సొసైటీ పూచీపై మన సోదరీమణులు కూడ సంతకం చేయుచున్నారు; అప్పులవాడు స్త్రీపురుష భేదం పాటించుట లేదు. "పురుషుడు" అన్న చోట "వ్యక్తి" అని ఒక్క పదం మార్చుటకు ప్రభుత్వ ఖజానాకు ఒక్క రూపాయి ఖర్చు కాదు. ఈ సవరణను కోరుచు ప్రతి శాఖా తీర్మానం చేసి కేంద్ర కార్యాలయానికి పంపవలెనని, మహిళా ఉపసంఘాలు ఇందుకు చొరవ తీసుకొనవలెనని కోరుచున్నాము. తీర్మానం ప్రతిని స్థానిక పార్లమెంటు సభ్యునికి కూడ అందజేసి, రశీదు తీసుకొనవలెను.